వయసు: పద్నాలుగు నెలలు

ఫర్నేసు తలుపు మూసుకుంది. లోపల ఆరు పళ్ళ బ్రిడ్జి, పై దవడ ముందు వరస, ఎవరో టీచరమ్మదట, సోమవారం బడి తెరిచేలోపు నోట్లో ఉండాలని డాక్టరు చీటీ మీద రెండు గీతలు గీసి మరీ పంపాడు. ఇక యాభై నిమిషాలు దాన్ని నేను ముట్టుకోకూడదు. ఫోన్‌ని ముట్టుకోవచ్చు. ముట్టుకోవాలి కూడా, ఎందుకంటే ఇవాళ దాటిందంటే నా లెక్కంతా తలకిందులవుతుంది, పద్నాలుగు నెలలుగా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చిన లెక్క. అందరూ భోజనాలకి పోయారు. మైనం పని చేసే ఆయన, మేమందరం రేడియో అని పిలుచుకునే ఆయన, గుమ్మంలో నిలబడి కూడా పావుగంట వార్తలు చదివి మరీ కదిలాడు. ఇప్పుడీ గదిలో నేనూ, ఫర్నేసూ, బెంచీ మీద ఫోనూ, ఫోన్‌లో సగం నింపిన క్రెడిట్ కార్డు దరఖాస్తూ. పూర్తి పేరు, నింపాను. పుట్టిన తేదీ, నింపాను, నలభై ఏడేళ్ళు దాచుకోవాల్సినంత సిగ్గేం లేదు. ఉద్యోగం: దంతాల ల్యాబులో పింగాణీ పని. ఎన్నేళ్ళుగా: ఇరవై రెండు. ఇదివరకు మా దగ్గర కార్డు ఉందా అని ఒక ప్రశ్న, అక్కడికొచ్చి వేలు ఆగిపోయింది, ఉందనాలా లేదనాలా, ఇరవై ఏళ్ళు నా చేతిలో ఉన్నది ఉన్నట్టా లేనట్టా. ఫర్నేసు తెర మీద నాలుగు వందల ఇరవై డిగ్రీలు. ఇంకా తడి ఆరుతోంది, అంతే, అసలు వేడి మొదలవలేదు.

ఈ ల్యాబులో చీటీ లేకుండా ఏ పన్నూ కదలదు. ఒక్కో కేసుకీ ఒక ప్లాస్టిక్ ట్రే, ట్రేలో అచ్చు, అచ్చు మీద చీటీ, చీటీలో గళ్ళు: పేషెంటు పేరు, వయసు, పని, రంగు, ఇవ్వాల్సిన తేదీ. నీలం ట్రే అంటే కొత్త పని. ఎరుపంటే పగిలి తిరిగొచ్చింది, దాన్ని చూస్తే అందరికీ మొహం మాడిపోతుంది. నారింజ అంటే ఆగాలి, చిగురు మానేదాకా డాక్టరు ఆపమన్న కేసు. పద్నాలుగు నెలల కిందట నేనొక నారింజ ట్రే తీసి, ఖాళీ చీటీ మీద పేషెంటు: నేను, వయసు: ఒక రోజు, అని రాసి అలమరలో అట్టడుగు వరసన పెట్టాను. అదే రోజు నా పేరు మీద మొదటి కార్డు వచ్చింది, నేను డిపాజిట్ కట్టిన డబ్బు మీదే నాకు ఇచ్చిన కార్డు, అంటే నా చెయ్యి నేనే పట్టుకుని నడవడం లాంటిది, అయినా కార్డు కార్డే. నెల నెలా వయసు గడిలో పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తున్నాను. పని గడిలో, ఒక్కొక్కటే చేరుస్తూ వచ్చిన నా పథకం మొత్తం నాలుగు వాక్యాల్లో ఉంది. డిపాజిట్ కార్డు తీసుకుని ఆర్నెల్లు బుద్ధిగా ఉండాలి. తర్వాత రెండో కార్డు, దాంతో ఎనిమిది నెలలు. తర్వాత మూడోది, అది ఇవాళ. ఆపైన ఆరు నెలలు ఎవరి తలుపూ తట్టకుండా కూర్చుని, అప్పుడు బ్యాంకుకి వెళ్ళి ఈ ల్యాబు కొనడానికి లోను అడగాలి. రంగు గడి ఖాళీగా వదిలేశాను, నాకు రంగేమిటి, నా మొహం.

తేదీ గడి కూడా ఖాళీగానే వదిలాను. అది నింపింది పెద్దాయన. ల్యాబు ఆయనది, డెబ్భై ఒకటో ఏడు, చేతులు వణుకుతున్నాయని ఇప్పుడు బ్రష్షు పట్టడం లేదు, పైగదిలో కూర్చుని లెన్సు పెట్టుకుని మేం చేసిన పళ్ళని తిప్పి తిప్పి చూస్తాడు, బాగుంటే ఏమీ అనడు, అదే మెచ్చుకోలు. ఇక అమ్మేస్తానన్నాడు. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, వాళ్ళకి కావాల్సింది డాక్టర్ల జాబితా ఒక్కటే, ఫర్నేసుని పాత ఇనప్పోడికి ఇచ్చేస్తారట, మా ఆరుగురినీ ఎవరికిస్తారో చెప్పలేదు. నేను కొంటానండీ అన్నాను, నోరు జారినట్టు వచ్చేసింది ఆ మాట. ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, డబ్బుందామ్మా అనలేదు, బ్యాంకువాళ్ళు నీకిస్తారా అని మాత్రం అడిగాడు. ఇస్తారో లేదో తెలీదని చెప్పాను. కిందటి నెల ఒక రోజు వయసు మార్చడానికి నా ట్రే తీస్తే తేదీ గడిలో నీలం పెన్సిలుతో ఆయన వణుకు రాత: ఏడాది చివరి దాకా ఆగుతాను. కింద సంతకం. ఆ ట్రే సంగతి ఎప్పుడు చూశాడో, ఎలా అర్థం చేసుకున్నాడో, ఇప్పటిదాకా నాతో ఆ మాటే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇవాళ్టి నుంచి ఏడాది చివరికి సరిగ్గా ఆరు నెలలు. రేపు పెట్టినా ఒక రోజు తక్కువ. ఒక రోజుదేముంది అని నాతోటి ఎవరూ అనొద్దు, ఒక డిగ్రీదేముంది అని ఈ పని ఎవరూ చేయరు.

బ్యాంకులో ఆ ఆఫీసరమ్మ నాకన్నా చిన్నది, ఓపిక మాత్రం చాలా ఉంది. మీ చరిత్ర మరీ చిన్నదండీ అంది. నలభై ఏడేళ్ళ చరిత్రండీ, మీ గదిలో పట్టదేమో అన్నాను. నవ్వింది పాపం. నవ్వి, తెర నా వైపు తిప్పింది. అక్కడ నా పేరు, నా పేరు పక్కన ఎనిమిది నెలల వయసు, అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర వయసు, అప్పటికి అంతే, దాని కింద ఎర్ర అక్షరాల్లో ఐదు వరసలు. ఇవేమిటండీ అంటే, మీరు తట్టిన తలుపులండీ, ఒకే వారంలో ఐదు చోట్ల దరఖాస్తు చేశారు, ఐదుగురూ కాదన్నారు, కొత్తవాళ్ళు చూసినప్పుడల్లా ఇవే ముందు కనిపిస్తాయి, ఈమెకి ఏదో మునిగిపోతోందని అనుకుంటారు అంది. నాకు తల కొట్టేసినట్టయింది. డిపాజిట్ కార్డుకి ముందు నేను ఐదు చోట్ల పెట్టింది రేడియో మాట విని. చీర కొనేటప్పుడు ఒక్క కొట్టుకే పోతామా, నలుగురినీ అడిగితే ఎవడో ఒకడు దిగొస్తాడు అన్నాడు, నాకూ సబబుగానే తోచింది, పుట్టినప్పట్నుంచీ అలాగే కదా బతికింది, ఒకచోట లేదంటే పక్క కొట్టు, అక్కడా లేదంటే ఆ పక్కది. ఇక్కడ మాత్రం మొదటి కొట్టువాడు లేదన్న సంగతి రెండోవాడికి మనకన్నా ముందే తెలుస్తుందట. ఆ ఐదు ఎర్ర వరసలూ ఎప్పుడు రాలిపోతాయో తేదీలతో సహా రాసిచ్చింది ఆఫీసరమ్మ. లోనుకి వచ్చేటప్పటికి కనీసం ఏడాదిన్నర వయసుండాలి, మూడు కార్డులైనా ఉండాలి, చివరి ఆరు నెలల్లో కొత్త తట్టుడు ఒక్కటీ ఉండకూడదు, ఒక్క బిల్లూ ఆలస్యం కాకూడదు, అలా వస్తే నేను మాట్లాడతానండీ అంది. బయటికొచ్చి బస్సులో ఆ కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఐదొందల ఎనభై. ఇప్పుడు ఎక్కుతోంది, నెమ్మదిగా, నిమిషానికి ఇంతని. తొందరపెడితే పింగాణీ పొరలో గాలి బుడగ మిగిలి, డాక్టరు చేతిలో మెరిసి మెరిసి, రెండో నెలలో ఎవరో ఏదో కొరికినప్పుడు ఫట్టుమంటుంది. నేను ఈ పని చేరిన కొత్తలో అలా మూడు పగలగొట్టాను. పెద్దాయన తిట్టలేదు, ఆ మూడు ముక్కలూ నా బెంచీ మీద వరసగా అతికించి పెట్టాడు, ఏడాది పాటు వాటిని చూస్తూ పని చేశాను. కొత్త జీతం మొదటిసారి ఇంటికి పట్టుకెళ్ళిన రోజు ఆయన, మా ఆయన, ఒక కవరు ఇచ్చాడు, లోపల కార్డు, కార్డు మీద నా పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో. వేలితో తడిమి చూసుకున్నాను. నీకెందుకు వేరే దరఖాస్తూ గొడవా, నా కార్డు మీదే నీకొకటి ఇమ్మన్నాను, నీ పేరూ నా పేరూ వేరా అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడో. ఆ మాటకి నేను వారం రోజులు గాల్లో తేలాను, అబద్ధం ఎందుకు. ఇరవై ఏళ్ళు ఆ కార్డు గీకాను. ప్రతి బిల్లూ నేనే కట్టాను, ఈ బెంచీ దగ్గర కూర్చునే, ఇలాంటి భోజనాల వేళే, నా జీతంలోంచి సగం, ఆయన జీతంలోంచి సగం, ఒక్క రోజు ఆలస్యం లేదు. ఆయనకి బిల్లు ఏ తేదీకి వస్తుందో కూడా తెలీదు. ఆ మంచి పేరంతా ఆయన ఖాతాలో పేరుకుంటోందని నాకు తెలీదు, ఆయనకీ తెలీదు, తెలిస్తే ఊరుకునేవాడు కాదు. మంచివాడు. అదే నాకు ఒళ్ళుమంట, చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుందును.

ఆయన పోయి పన్నెండో రోజున కార్డు కంపెనీకి నేనే ఫోన్ చేశాను. చెప్పడం ధర్మం కదా అనుకున్నాను. అటువైపు అమ్మాయి చాలా బాధపడింది, మీ కుటుంబానికి మా సానుభూతి అంది, అదే ఊపిరిలో ఖాతా మూసేస్తున్నామండీ, మీ దగ్గరున్న కార్డు కూడా పనిచేయదండీ అంది. నేను బిల్లు కడతానమ్మా, ఇరవై ఏళ్ళుగా కట్టేది నేనే అంటే, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది: "మీరు మా కస్టమర్ కాదు మేడమ్. మీ వారు మా కస్టమర్." పనిచేయదంటే రేపో ఎల్లుండో అనుకున్నాను. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళాను, బల్బులు, సబ్బులు, మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకి ప్రింటరు కాగితాల కట్ట. గీకితే మిషన్ కూసింది. ఇంకోసారి గీకండి అన్నాను, ఇంకోసారి కూసింది. వెనక ఆరేడుగురు. పర్సులో నోట్లు సబ్బులకి మాత్రమే సరిపోయాయి. బల్బులు తీసి పక్కన పెట్టాను, కాగితాల కట్ట తీసి పక్కన పెట్టాను, వెనక నిలబడ్డ పెద్దావిడ తన బుట్ట కాస్త వెనక్కి లాక్కుని చోటిచ్చింది, ఆ చోటివ్వడమే నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మొగుడు పోయినప్పుడు అందరి ముందూ ఏడవని దాన్ని, ఆ దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్ళి కాగితాలేవమ్మా అని పిల్ల అడిగితే మర్చిపోయానే అన్నాను.

సరే. ఏడుపు అక్కడితో సరి. ఇప్పుడెలా బతుకుతున్నానంటే, మొదటి కార్డు మీద బస్సు పాసు ఒక్కటే, రెండో కార్డు మీద కరెంటు బిల్లు ఒక్కటే, ఇంకేదీ లేదు, ఇచ్చిన పరిమితిలో మూడో వంతు దాటకూడదు, దాటితే ఆబగా తింటోందని అనుకుంటారట. మొదటి కార్డు పరిమితి ఎంతంటే బస్సు పాసు కొంటేనే మూడో వంతు అంచుకి వస్తుంది, ఒక నెల పాసు ధర పెంచారు, నేను వారం రోజులు నడిచి వెళ్ళి, వారం తర్వాత తక్కువ రోజుల పాసు కొన్నాను. దుకాణాల్లో కౌంటరు దగ్గర పిల్లలు చెవిలో జోరీగల్లా పోరు పెడతారు, మా దుకాణం కార్డు తీసుకోండి ఆంటీ, ఇప్పుడే పదోవంతు తగ్గింపు, రెండే నిమిషాలు అని. ఆ రెండు నిమిషాలకీ నా నారింజ ట్రేలో ఎనిమిది నెలలు మట్టిలో కలుస్తాయమ్మా అని వాళ్ళకేం చెప్పను. వద్దమ్మా అంటాను. ఎందుకొద్దు ఆంటీ అంటారు. నాకు చిగురు ఇంకా మానలేదమ్మా అన్నాను ఒకసారి, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది, ఇంకెప్పుడూ అడగలేదు.

ఏడొందల ముప్పై. మళ్ళీ ఫోన్ చూస్తే దరఖాస్తు తెల్లమొహం వేసింది, చాలాసేపు ఏమీ రాయలేదు కాబట్టి మొదటి నుంచీ నింపమంటోంది. అంతే కావాలి నాకు. పాత సంగతులు తవ్వుకుంటూ కూర్చుంటే ఎవరాగుతారు. అర్హత ఉందో లేదో ఊరికే చూసుకునే పేజీ ఒకటుంటుంది, అది తట్టుడు కింద రాదు, అందులో మొన్న చూస్తే అవకాశం బాగుంది అని ఆకుపచ్చగా వచ్చింది, బాగుందన్నారు గానీ ఇస్తామనలేదు. కాదంటే? ఆరో ఎర్ర వరస. పెద్దాయన గడువు లోపల అది రాలిపోదు, ఆఫీసరమ్మ మొహమాటంగా నవ్వుతుంది, కంపెనీవాళ్ళు డాక్టర్ల జాబితా జేబులో వేసుకుంటారు, ఇరవై రెండేళ్ళుగా నా వేళ్ళకి అలవాటైన ఈ ఫర్నేసు పాత ఇనప్పోడి బండెక్కుతుంది. అడక్కపోతే? రెండు కార్డులే, చాలవు, అప్పుడూ అంతే. కాబట్టి అడగడమే. పూర్తి పేరు. పుట్టిన తేదీ. ఇంతలో ఫోన్ మోగింది. అమ్మాయి.

అమ్మాయికి ఇరవై మూడు, పెళ్ళై ఆరు నెలలు, ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది, భోజనాల వేళ రోజూ ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతుంది, నేను తిన్నా తినకపోయినా తిన్నాననే చెప్తాను. ఇవాళ గొంతులో సంతోషం పొంగిపోతోంది. అల్లుడు తన కార్డు మీద దానికొకటి ఇప్పించాడట, మెరిసిపోతోందట, బిల్లు సంగతి నువ్వు పట్టించుకోకు అన్నాడట. నీక్కూడా ఒకటి ఇప్పిస్తానన్నారమ్మా, నువ్వా చీటీలూ లెక్కలూ మానేసి హాయిగా ఉండు, ఇవాళేదో అప్లై చేస్తానన్నావుగా, చెయ్యకు, అందుకే పరుగున ఫోన్ చేశాను అంది. నేను ఊఁ అన్నాను. మరి నీ కార్డో అని అడిగాను. నా పాతదా, కాలేజీలో తీసుకున్నదా అంది. పద్దెనిమిదేళ్ళప్పుడు కాలేజీ గేటు దగ్గర బల్ల వేసుక్కూర్చుని సంచీ ఉచితమని ఆశపెట్టి ఇచ్చారు దానికది, వాళ్ళ నాన్న ఇంటికొచ్చాక గంటసేపు చీవాట్లు పెట్టాడు, సంచీ మాత్రం ఆయనే వాడుకున్నాడు. దానికి ఏటా ఫీజు దండగమ్మా, పొద్దున్నే కత్తెరతో కోసి ఆఫీసు బుట్టలో పడేశాను, ఇక పీడా వదిలింది అంది. ఆ మాట అక్కడ వదిలేసి, కొంచెం సిగ్గుగా, కొంచెం గొప్పగా చెప్పింది.

"ఆయనేమన్నారో తెలుసా అమ్మా? నీ పేరూ నా పేరూ వేరా అన్నారు."

ఎనిమిది వందల పది అంటోంది తెర. ఎక్కడో మూడు పళ్ళు పగిలిన చప్పుడు వినిపించినట్టయింది, లేదు, ఏం పగల్లేదు, ఫర్నేసు ఫ్యాను వేగం మారింది అంతే. అల్లుడు చెడ్డవాడు కాడు. చెడ్డవాడని అనడానికి నాకు నోరు రాదు. మా ఆయనా అదే మాట అదే గొంతుతో అన్నాడు, నేనూ అలాగే పొంగిపోయాను, ఇప్పుడు ఈ పిల్ల పొంగుతోంటే నీళ్ళు చల్లడానికి నాకేం హక్కుంది, పెళ్ళై ఆరు నెలలు, మొగుడి మీద తల్లి చాడీ చెప్పిందనుకుంటే? ఊరుకుంటే పుట్టి మునిగిపోతుందా? మునిగింది కదా నాది. వద్దు, చెప్పాలి. ఫోన్ చేశావా అని అడిగాను. ఎవరికి అంది. కార్డు కంపెనీకి, ఖాతా మూసేయమని ఫోన్ చేశావా? లేదే, కోసేశానుగా అంది. అయితే ఖాతా బతికే ఉందే, కోసింది ప్లాస్టిక్‌ని, అంతే అన్నాను. లెక్కలు చూసే పిల్ల, దానికి తెలీదు, నేను నెల నెలా చీటీ మీద అంకెలు మారుస్తూంటే నవ్వుకున్న పిల్ల, నేనూ చెప్పలేదు కదా ఎప్పుడూ.

అప్పుడు చెప్పాను. కూర్చుని చెప్పలేక లేచి నిలబడి చెప్పాను, సానుభూతి చెప్పిన అమ్మాయి మాట, మిషన్ కూత, బల్బులు, వెనక నిలబడ్డ పెద్దావిడ, దుకాణం మెట్లు, మీరు మా కస్టమర్ కాదు మేడమ్. ఐదు తలుపులు. బస్సు పాసు పెరిగినప్పుడు నడిచిన వారం. అల్లుడి మీద ఒక్క మాట అనలేదు, ఆయనిచ్చిన కార్డు వాడుకోమనే చెప్పాను, ముద్దుగా ఇచ్చింది ముద్దుగా వాడుకో, కానీ నీది నీకుండాలి అన్నాను. అమ్మాయి, చిన్నప్పుడు తప్పు చేసి తలుపు వెనక నిలబడ్డప్పటి గొంతుతో అంది:

"ఆ రోజు కాగితాలు మర్చిపోయానన్నావు."

అవునే, అన్నాను. పక్కింటివాళ్ళనడిగి తెచ్చుకున్నానమ్మా, నిన్ను విసుక్కున్నాను కూడా, నీకు మతిమరుపు వచ్చిందన్నాను, అంది. నాకు గుర్తుంది. అన్నావు, ఫర్వాలేదులే అన్నాను. ముక్కలు బుట్టలోంచి తియ్యి, నంబరు చూసి కొత్త కార్డు పంపమని అడుగు, నంబరు మారదు, వయసు మారదు, ఏడాదికి ఆ ఫీజు నేను కడతాను కావాలంటే అన్నాను. నువ్వెందుకు కడతావ్, నా కార్డుకి నేను కట్టుకోలేనా అంది, రోషంగా, ముక్కు చీదుకుంటూ. ఆ రోషం విన్నాక నా గుండె దిటవైంది. పెట్టేయ్, నాకు పనుంది అన్నాను. అప్లై చేస్తావా అంది. చెయ్యకేం చేస్తానే, అన్నాను.

పూర్తి పేరు. పుట్టిన తేదీ. ఉద్యోగం. ఎన్నేళ్ళుగా. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు, ఆదాయం గడిలో జీతం ఉన్నదున్నట్టు, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఇంట్లో ముఖ్య సంపాదనపరులెవరు అంటే నేనే. ఇదివరకు మా దగ్గర కార్డు ఉందా? లేదు. నా పేరు మీద ఎప్పుడూ లేదు, ఇదే మొదలు. అదనపు కార్డు ఎవరికైనా కావాలా? వద్దు బాబూ, ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. తొమ్మిది వందలు. పై హద్దు. ఇక్కడ ఒక్క నిమిషం నిలబడి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. ఆ నిమిషంలోనే నొక్కాను. తాడో పేడో తేలిపోనీ. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది, తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఎనిమిది వందల తొంభై, ఎనభై, మేం పరిశీలిస్తున్నాం, ఈ పేజీ మూయకండి అంటోంది, మూస్తానా, రెప్ప కూడా మూయడం లేదు. కాదంటే ఏం చేయాలో అప్పుడే ఆలోచించడం మొదలెట్టాను, పైకెళ్ళి పెద్దాయనతో ఇంకో మూడు నెలలు ఆగమని అడగడం, కాదంటే మళ్ళీ అడగడం, ఆ కంపెనీవాళ్ళకి పింగాణీ గురించి ఏం తెలుసో నాలుగు ప్రశ్నలు వేయడం, ఏదో ఒకటి, ఊరుకునేది మాత్రం లేదు, మెట్ల మీద కూర్చునేది అసలే లేదు.

చక్రం ఆగింది. అభినందనలు, అని వచ్చింది. ఆ మాట రెండుసార్లు చదివాను, తర్వాత కింద పరిమితి చూశాను, నా మొదటి రెండు కార్డులూ కలిపినా అందులో సగం లేవు. కుర్చీలో కూలబడ్డాను. ఒక్కదాన్నే నవ్వాను, పెద్దగానే నవ్వానేమో, పైగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది, మెట్ల మీద అడుగులు, సగం మెట్లు దిగి పెద్దాయన వంగి చూశాడు. ఏమ్మా, బ్రిడ్జి పగిలిందా అన్నాడు. లేదండీ, చల్లారుతోంది అన్నాను. ఆయన నా వైపు, చేతిలో ఫోను వైపు, అలమరలో అట్టడుగు వరస వైపు చూసి, తొందరపడి తలుపు తీయకు అని మాత్రం చెప్పి పైకి వెళ్ళిపోయాడు. ఆరు నెలలండీ, తీయను, అని మనసులో అనుకున్నాను.

ఫర్నేసు ఇంకా దిగుతూనే ఉంది. ఫోన్ మళ్ళీ మోగింది, ఈసారి ఫోటో. అరచేతిలో రెండు ముక్కలు, అంచులు కలిపి పట్టుకుంది పిల్ల, పేరు సరిగ్గా మధ్యకి తెగింది, ఒక ముక్క మీద టీ మరక. కింద రాసింది: ఫోన్ చేశాను, కొత్తది పంపుతారట, ముక్కలు సాయంత్రం తెస్తా, నీ దగ్గరే పెట్టు. నా నారింజ ట్రే బయటికి తీసి, పని గడిలో మూడో వాక్యం మీద గీత కొట్టాను. తర్వాత ఇంకో ట్రే తీశాను, నీలంది, కొత్త చీటీ పెట్టాను. పేషెంటు: మా అమ్మాయి. పని: పారేయకుండా ఉంచడం. వయసు గడి దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, కాలేజీ గేటు దగ్గర్నుంచి ఇవాళ్టికి ఐదేళ్ళు నిండి రెండు నెలలు. రాశాను. రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, పద్నాలుగు నెలల తల్లి, ఐదేళ్ళ కూతురు.